సోర్స్ బిల్డా, ప్యాకేజా, పోర్ట్సా, నిక్సా: అప్‌గ్రేడ్ రోజుని చూసి టూల్ ఎంచుకోండి

పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లని టెక్స్ట్‌గా మార్చాలనుకునేవాళ్ళు ఎక్కువగా పట్టుకునేది టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్‌నే. ఉబుంటు లినక్స్ 22.04 మీద దాని సొంత ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తో వేసుకుంటే వచ్చేది 4.1.1, ఐదో వెర్షన్ ఏమో 2021 నవంబర్‌లోనే వచ్చేసింది, ఇక అక్కణ్ణుంచి వెతుకులాట మొదలు, సోర్స్ కోడ్ దించి మన మిషన్ మీదే బిల్డ్ చెయ్యమని ఒకరు, పీపీఏ (బయటివాళ్ళు నడిపే ఉబుంటు ప్యాకేజీల రెపో) పెట్టుకోమని ఒకరు, బ్రూ (హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ టూల్) వాడమని ఒకరు, మొత్తం నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్‌కి మారిపొమ్మని ఇంకొకరు. నలుగురు చెప్పేదీ ఇవాళ పనిచేస్తుంది. తేడా తెలిసేది కొన్ని నెలలు పోయాక, కొత్త వెర్షన్ వచ్చినప్పుడో, ఉబుంటునే 24.04 కి పెంచినప్పుడో. అందుకే నేను ఏ టూల్‌నైనా మూడు ప్రశ్నలతోనే చూస్తాను: అప్‌గ్రేడ్ ఎలా చేస్తాం, వద్దనుకుంటే ఆనవాలు లేకుండా తీసెయ్యగలమా, అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయినా బిల్డ్ ఫెయిలైనా మిషన్ ఏ స్థితిలో మిగులుతుంది. ఇన్‌స్టాల్ ఎంత సులువు అనేది వీటి తర్వాతే.

అసలు ముందు కొత్త వెర్షన్ కావాలా అని అడగండి. తెలుగు అక్షరాలు తప్పులు వస్తున్నాయని వెర్షన్ మీద పడతారు గానీ, ఆప్ట్ ఇచ్చే తెలుగు ప్యాకేజీలో ఉండేది ఫాస్ట్ రకం డేటా (అక్షరాలు గుర్తుపట్టడానికి టెసరాక్ట్ వాడే ఫైల్), చిన్నది, వేగంగా నడుస్తుంది. బెస్ట్ రకం అని విడిగా ఇంకో సెట్ ఉంది, నెమ్మది గానీ ఒత్తులు, గుణింతాలు ఎక్కువగా ఉన్న పేజీల మీద ముందు దాన్ని పెట్టి చూడాలి. అందులోంచి టెల్ డాట్ ట్రెయిన్డ్‌డేటా అనే ఒక్క ఫైల్ దించి హోమ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, టెస్‌డేటా ప్రిఫిక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ఆ ఫోల్డర్‌కి చూపిస్తే 4.1.1 కూడా దాన్ని చక్కగా చదువుతుంది, నాలుగుకీ ఐదుకీ అవే డేటా ఫైళ్ళు. రూట్ (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు, బిల్డ్ అక్కర్లేదు, వద్దనుకుంటే ఆ ఫోల్డర్ డిలీట్ చేసెయ్యడమే. చాలామందికి కథ ఇక్కడితో అయిపోవాలి.

అయినా కొత్తదే కావాలి అనుకుందాం, ఐదులో అక్షరాలు గుర్తుపట్టే లెక్కలు డబుల్ బదులు ఫ్లోట్‌లో (సగం చోటు పట్టే సంఖ్యలతో) చేస్తారు, వేగం, మెమరీ రెండూ కలిసొస్తాయి, వందల పేజీలు నడిపేవాళ్ళకి అది నిజంగా పనికొచ్చే కారణమే.

సోర్స్ నుంచి నేరుగా

ఆటోజెన్, కన్‌ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్. నాలుగు కమాండ్లు, పది నిమిషాల పని. తర్వాత టెసరాక్ట్ అని కొడితే లిబ్‌టెసరాక్ట్ డాట్ ఎస్ఓ డాట్ 5 దొరకలేదు అని ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే లైబ్రరీ (ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన కోడ్ ఫైల్) /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లోకి వెళ్ళింది గానీ లైబ్రరీలు ఎక్కడున్నాయో గుర్తుంచుకునే లోడర్ కాష్‌కి ఇంకా తెలీదు, సుడో ఎల్‌డీ కన్‌ఫిగ్ ఒకసారి నడపాలి. అది దాటితే రెండో ఎర్రర్, /యూఎస్ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలో తెలుగు డేటా ఫైల్ లేదు అని. ఆప్ట్‌తో వేసిన తెలుగు డేటా ఉంది కదా అంటే, ఉంది, కానీ అది /యూఎస్ఆర్/షేర్ కింద ఎక్కడో ఉంది, మనం బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ తన ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్, ఇక్కడ /యూఎస్ఆర్/లోకల్) కిందే వెతుకుతుంది. ఇవి రెండూ చిన్న విషయాలే, వెతికితే జవాబు దొరుకుతుంది.

దొరకనిది తర్వాతిది. ఇప్పుడు మిషన్‌లో రెండు టెసరాక్ట్‌లు ఉన్నాయి, పాత్‌లో (కమాండ్లు వెతికే ఫోల్డర్ల వరసలో) /యూఎస్ఆర్/లోకల్/బిన్ ముందుంటుంది కాబట్టి టెర్మినల్‌లో మనది వస్తుంది, ఆప్ట్‌తో వచ్చిన వేరే ప్రోగ్రామ్‌లేమో పాత లైబ్రరీనే వాడుతుంటాయి. ఇక్కడ వెర్షన్ నంబర్లు 4, 5 వేరు కాబట్టి కొట్టుకోవు. అదే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) లాంటిదాన్ని ఇలాగే /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో వేశారనుకోండి, ఉబుంటులో లైబ్రరీలు వెతికే వరసలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందుంటుంది, రెండింటి పేరూ లిబ్‌ఎస్ఎస్ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 3 అయితే ఆప్ట్‌తో వేసిన కర్ల్ (నెట్ నుంచి ఫైళ్ళు దించే ప్రోగ్రామ్) కూడా మీరు వేసినదాన్నే లోడ్ చేసుకుంటుంది. రేపు ఉబుంటువాళ్ళు సెక్యూరిటీ ప్యాచ్ ఇస్తారు, ఆప్ట్ అప్‌గ్రేడ్ చేస్తారు, అంతా అప్‌డేట్ అయిందని చూపిస్తుంది, నడిచేది మాత్రం ప్యాచ్ లేని పాతదే. ఏ ఎర్రరూ రాదు. సోర్స్ బిల్డ్ విషయంలో నాకున్న అసలు భయం ఇదే, బిల్డ్ ఫెయిలవడం కాదు.

తీసెయ్యడం సంగతికొస్తే అది ఆ ప్రాజెక్ట్ ఏ బిల్డ్ సిస్టమ్ వాడుతుందనే దాని మీద ఆధారపడుతుంది. మేక్ 1976 నాటిది, బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు, దానికి సొంతంగా అన్‌ఇన్‌స్టాల్ అనే ఆలోచనే లేదు, మేక్‌ఫైల్‌లో రాస్తే ఉంటుంది లేకపోతే లేదు. ఆటోటూల్స్ (పైన చూసిన ఆటోజెన్, కన్‌ఫిగర్ రకం) వాడే ప్రాజెక్టుల్లో మేక్ అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది గానీ అదే వెర్షన్ సోర్స్, అదే ప్రిఫిక్స్‌తో కన్‌ఫిగర్ చేసింది చేతిలో ఉండాలి. సీమేక్‌లో మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ ఉండదు, బిల్డ్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ మానిఫెస్ట్ అని ఒక టెక్స్ట్ ఫైల్ వదులుతుంది, అందులో ఉన్న ఫైళ్ళని మనమే తుడుచుకోవాలి. మెసన్ వాడితే నింజా అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది. ఈ మూడింటికీ బిల్డ్ ఫోల్డర్ కావాలి, ఆ ఫోల్డర్‌నేమో డిస్క్ నిండిందని ఎప్పుడో డిలీట్ చేసేసి ఉంటాం, ఇక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సోర్స్ బిల్డ్ తప్పదు అంటే గ్నూ స్టో వాడండి, ఇది చాలా చిన్న పెర్ల్ ప్రోగ్రామ్, చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు వదలరు. ప్రతి వెర్షన్‌ని దాని సొంత ఫోల్డర్‌లోకి ఇన్‌స్టాల్ చేస్తాం, ఉదాహరణకి హోమ్‌లో లోకల్/స్టో/టెసరాక్ట్-5.3.4 అని ప్రిఫిక్స్ ఇచ్చి, తర్వాత ఆ స్టో ఫోల్డర్‌లోకి వెళ్ళి స్టో కమాండ్ కొడితే లోపలి ఫైళ్ళన్నిటికీ బయట లోకల్/బిన్, లోకల్/లిబ్‌లలో సిమ్‌లింక్‌లు (షార్ట్‌కట్ లాంటివి) పెడుతుంది. కొత్త వెర్షన్ వస్తే పాతదానికి స్టో మైనస్ డీ, కొత్తదానికి స్టో. నచ్చకపోతే తిరగేసి కొట్టడమే, పాత ఫోల్డర్ అక్కడే ఉంటుంది. ఒక్క జాగ్రత్త ఏంటంటే తెలుగు డేటా ఫైల్‌ని ఆ వెర్షన్ ఫోల్డర్ లోపల పెట్టొద్దు, అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా మళ్ళీ కాపీ చేసుకోవాల్సి వస్తుంది, పైన చెప్పినట్టు విడి ఫోల్డర్‌లో పెట్టి వేరియబుల్‌తో చూపించండి. స్టోకి డిపెండెన్సీల (ఒక ప్రోగ్రామ్‌కి కావలసిన ఇతర ప్యాకేజీల) గురించి ఏమీ తెలీదు, సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిందని అది మీకు చెప్పదు, ఆ బాధ్యత మీదే. ఒకటి రెండు ప్రోగ్రామ్‌ల వరకు ఇది బాగుంటుంది, ఇరవైకి వాడితే ఆ ఇరవైటి రిలీజ్ నోట్స్ మీరే చదువుతూ కూర్చోవాలి.

డెబియన్, ఉబుంటు మీద మధ్యేమార్గాలు

సోర్స్‌కి వెళ్ళేముందు మూడు దారులు ఉన్నాయి. డెబియన్ (ఉబుంటుకి మూలమైన లినక్స్) వాళ్ళైతే బ్యాక్‌పోర్ట్స్‌లో ఉందేమో చూడండి, స్టేబుల్ మీద నడవడానికి డెబియన్ వాళ్ళే మళ్ళీ బిల్డ్ చేసి ఇచ్చేవి అవి. ఉబుంటు మీద పీపీఏ, ఇది సులువే గానీ ఆ పీపీఏ నడిపే మనిషిని మీరు రూట్‌గా నమ్ముతున్నట్టు లెక్క, పైగా ఉబుంటు రిలీజ్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు బయటి సోర్స్‌లన్నీ ఆపేస్తుంది, ఆ ప్యాకేజీలు ఏ తల్లీ లేకుండా మిగిలిపోతాయి, వాటివల్లే అప్‌గ్రేడ్ ఆగిపోయిన సందర్భాలు బోలెడు. మూడోది నాకు బాగా ఇష్టమైనది, కొత్త రిలీజ్‌లో ఉన్న డెబియన్ సోర్స్ ప్యాకేజీ తెచ్చుకుని, బిల్డ్ డెప్‌తో కావలసినవి వేసుకుని, మన మిషన్ మీదే డెబ్ ఫైల్‌గా (డెబియన్, ఉబుంటుల ప్యాకేజీ ఫైల్) బిల్డ్ చేసుకోవడం. మొదటిసారి కాస్త తికమకగా ఉంటుంది గానీ చివరికి వచ్చేది నిజమైన ప్యాకేజీ, ఏ ఫైల్ ఎక్కడుందో డీపీకేజీకి (ఆప్ట్ కింద పనిచేసే ప్యాకేజీ టూల్‌కి) తెలుసు, తీసెయ్యాలంటే ఆప్ట్ రిమూవ్, 24.04 కి వెళ్ళినప్పుడు అందులోని 5.3.4 మనదానికంటే కొత్తదైతే అదే వచ్చి కూర్చుంటుంది. చెక్‌ఇన్‌స్టాల్ అని ఇంకోటి ఉంది, మేక్ ఇన్‌స్టాల్‌ని డెబ్‌గా మార్చేస్తుంది, తీసెయ్యడానికి పనికొస్తుంది, డిపెండెన్సీలు మాత్రం తనంతట కనిపెట్టదు, తొందర పనికి సరే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, సిస్టమ్ పైథాన్‌ని మాత్రం ముట్టుకోవద్దు. కొత్త పైథాన్ బిల్డ్ చేసి /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 ని దానికి తిప్పితే ఉబుంటులో ఆప్ట్‌కి సంబంధించిన స్క్రిప్ట్‌లే ఆప్ట్‌పీకేజీ మాడ్యూల్ లేదని ఆగిపోతాయి, అంటే రిపేర్ చేసుకునే పనిముట్టే పోతుంది. డెబియన్ 12 నుంచి పైథాన్ ప్యాకేజీల టూల్ పిప్ కూడా ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ అని అడ్డుపడేది అందుకే, దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ చూసి సంబరపడకండి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్ట్‌కి విడిగా ఒక పైథాన్ ఫోల్డర్) చేసుకోండి.

ఫ్రీబీఎస్‌డీ

ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ జాతి సిస్టమ్‌లో ప్రోగ్రామ్‌లని సోర్స్ నుంచి బిల్డ్ చేసే రెసిపీలని పోర్ట్స్ అంటారు, అవి ముప్పై వేలకు పైగా ఉన్నాయి, ప్రతిదానికీ మేక్ కన్‌ఫిగ్ కొడితే నీలం బాక్స్ వచ్చి ఏ ఆప్షన్లు కావాలో టిక్ పెట్టమంటుంది, ఆ స్వేచ్ఛ కోసమే మనవాళ్ళు అక్కడికి వెళ్తారు. కానీ 2014 లో ఫ్రీబీఎస్‌డీ 10 తో పీకేజీ అనే కొత్త ప్యాకేజీ టూల్ వచ్చాక బైనరీ ప్యాకేజీలతోనే చాలావరకు గడిచిపోతుంది. నా సలహా సూటిగా: ఆప్షన్లు మార్చాల్సిన అవసరం లేకపోతే పీకేజీ ఒక్కటే వాడండి, పోర్ట్స్ ట్రీ దించనేవద్దు.

చిక్కు ఎక్కడంటే కలిపి వాడినప్పుడు. పీకేజీ డిఫాల్ట్‌గా క్వార్టర్లీ (మూణ్ణెల్లకోసారి మారే) బ్రాంచ్ నుంచి ప్యాకేజీలు తెస్తుంది, గిట్ నుంచి పోర్ట్స్ దించితే మామూలుగా మెయిన్ (ప్యాకేజీల్లో లేటెస్ట్ అనేది దీన్నుంచే) వస్తుంది. ఒక్క ప్రోగ్రామ్‌ని పోర్ట్స్ నుంచి బిల్డ్ చేస్తారు, అది కొత్త లైబ్రరీ అడుగుతుంది, దాన్నీ బిల్డ్ చేసి పెడుతుంది, క్వార్టర్లీ నుంచి వచ్చిన మిగతావన్నీ పాత లైబ్రరీ కోసం చూస్తుంటాయి. కలపాలనుకుంటే రెండూ ఒకే బ్రాంచ్‌లో ఉంచండి, అయితే రెండూ క్వార్టర్లీ, లేదా రెండూ లేటెస్ట్.

అప్‌గ్రేడ్ టూల్స్‌లో పోర్ట్‌అప్‌గ్రేడ్ రూబీలో ఉంది, తనకంటూ ఒక డేటాబేస్ పెట్టుకుంటుంది. పోర్ట్‌మాస్టర్ ఒక పెద్ద షెల్ స్క్రిప్ట్, ఏ డిపెండెన్సీ లేదు, అందుకని సిస్టమ్ సగం పాడైనా అది మాత్రం నడుస్తుంది, ఈ రెండిట్లో అయితే నాది పోర్ట్‌మాస్టరే. అయినా రెండింటికీ ఒకే లోపం, నడుస్తున్న మిషన్ మీదే బిల్డ్ చేస్తూ ఒక్కొక్కటీ మారుస్తూ పోతాయి, నలభయ్యో పోర్ట్ దగ్గర ఫెయిలైతే ముప్పై తొమ్మిది కొత్తవి, మిగతావి పాతవి, సర్వర్ మధ్యలో వేలాడుతుంది. అదీగాక ఇంతకుముందు వేసి ఉన్న ఏదో లైబ్రరీని కన్‌ఫిగర్ స్క్రిప్ట్ పసిగట్టి దానికి లింక్ చేసేస్తుంది, మీరు అడగకపోయినా.

పూడ్రియేర్ అనే బిల్డ్ టూల్ ఈ రెండు జబ్బుల్నీ నయం చేస్తుంది. శుభ్రమైన జైల్‌లో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసిన గది లాంటిది) ఒక్కో పోర్ట్‌నీ బిల్డ్ చేసి, మీ ఆప్షన్లతో మీ సొంత ప్యాకేజీ రెపో తయారు చేస్తుంది, ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్ట్ వాళ్ళు అధికారిక ప్యాకేజీలు చేసేది కూడా దీంతోనే. బిల్డ్ ఫెయిలైతే జైల్‌లో ఫెయిలవుతుంది, మీ సర్వర్‌కి ఏమీ తెలీదు, మొత్తం సక్సెస్ అయ్యాక పీకేజీ అప్‌గ్రేడ్ కొడతారు, కొన్ని నిమిషాల్లో పని పూర్తి. జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉంటే బాగుంటుంది, ర్యామ్ కాస్త ఎక్కువే కావాలి, రస్ట్, ఎల్ఎల్‌వీఎమ్ లాంటివి బిల్డ్ చెయ్యడానికి గంటలు పడుతుంది, కానీ మీరు ఆప్షన్లు మార్చనివాటిని అధికారిక రెపో నుంచి నేరుగా తెచ్చుకునే ఆప్షన్ ఇప్పుడు ఉంది కాబట్టి ఆ బరువు చాలా తగ్గింది. రెండు మిషన్లకి మించి ఉంటే వేరే ఆలోచన వద్దు, పూడ్రియేరే. ఏది వాడినా సరే అప్‌గ్రేడ్‌కి ముందు పోర్ట్స్ ట్రీలోని అప్‌డేటింగ్ అనే ఫైల్ చదవండి (ట్రీ దించనివాళ్ళు ఆన్‌లైన్‌లో), ట్రీ ఉంటే పీకేజీ అప్‌డేటింగ్ అని కొడితే మీ మిషన్‌లో ఉన్నవాటికి సంబంధించిన నోట్స్ చూపిస్తుంది.

రూట్ లేని చోట

కాలేజీ ల్యాబ్ సర్వర్, ఆఫీస్ షేర్డ్ మిషన్ లాంటివి. ఇక్కడ పీకేజీసోర్స్‌ని జనం మర్చిపోతున్నారు, అది అన్యాయం. నెట్‌బీఎస్‌డీ వాళ్ళది, 1997 లో ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్ నుంచి విడిపోయి వచ్చింది, లినక్స్, మ్యాక్, సొలారిస్ జాతి అన్నిటి మీదా నడుస్తుంది. బూట్‌స్ట్రాప్ స్క్రిప్ట్‌కి అన్‌ప్రివిలెజ్డ్ అని ఆప్షన్ ఇస్తే మీ హోమ్‌లో పీకేజీ అనే ఫోల్డర్‌లో సర్దుకుంటుంది, రూట్ ఊసే లేదు. మూణ్ణెల్లకోసారి స్టేబుల్ బ్రాంచ్ వస్తుంది. అప్‌గ్రేడ్‌కి మాత్రం మేక్ అప్‌డేట్ వాడకండి, అది ముందు ఆ ప్యాకేజీనీ, దాని మీద ఆధారపడ్డవన్నిటినీ తీసేసి తర్వాత బిల్డ్ మొదలుపెడుతుంది, మధ్యలో ఆగితే అవి ఉండవు. రోలింగ్ రీప్లేస్ అనే టూల్ ఉంది, అది ఒక్కొక్కటీ బిల్డ్ అయ్యాకే మారుస్తుంది, లేదంటే కొత్త క్వార్టర్‌కి వేరే ప్రిఫిక్స్‌లో మళ్ళీ బూట్‌స్ట్రాప్ చేసి, అంతా బాగుంది అనుకున్నాక పాత్ మార్చుకోవడం, నాకు ఇదే ప్రశాంతంగా ఉంటుంది.

పెద్ద కంప్యూటింగ్ క్లస్టర్ల మీద అయితే స్పాక్ అనే ప్యాకేజీ మేనేజర్ చూడండి, అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టింది, ఒకే లైబ్రరీని మూడు కంపైలర్లతో, రెండు ఎంపీఐలతో (క్లస్టర్‌లో మిషన్లు మాట్లాడుకునే లైబ్రరీలు) పక్కపక్కనే ఉంచాలి లాంటి అవసరాలకి. దానికన్నా ముందు మాడ్యూల్ అవైల్ కొట్టి చూడండి, మీకు కావలసింది అడ్మిన్‌లు ఇప్పటికే పెట్టి ఉండొచ్చు.

మ్యాక్

హోమ్‌బ్రూ అందరికీ తెలుసు, 2009 లో మాక్స్ హొవెల్ మొదలుపెట్టాడు, ఆపిల్ సిలికాన్ మీద /ఆప్ట్/హోమ్‌బ్రూలో ఉంటుంది. టెసరాక్ట్ వేస్తే ఇంగ్లిష్ వస్తుంది, తెలుగు కావాలంటే టెసరాక్ట్-లాంగ్ అనేది విడిగా వెయ్యాలి, అందులో భాషలన్నీ కట్టగట్టి వస్తాయి. హోమ్‌బ్రూ స్వభావం ఎప్పుడూ లేటెస్ట్, ఒకటి వేస్తే దాని డిపెండెన్సీలు కూడా పెరుగుతాయి, వెనక్కి వెళ్ళడానికి సరైన దారి లేదు, పిన్ చెయ్యొచ్చు (ఆ వెర్షన్ దగ్గరే ఆపడం) గానీ అది తాత్కాలికమే. డేటాబేస్ లాంటివి ఇలా పెరిగిపోతే మంచిది కాదు, వాటికి వెర్షన్ నంబర్ ఉన్న ఫార్ములానే వేసుకోండి. మ్యాక్‌పోర్ట్స్ 2002 నుంచి ఉంది, /ఆప్ట్/లోకల్‌లో తన ప్రపంచం తను కట్టుకుంటుంది, వేరియంట్లతో ఆప్షన్లు ఎంచుకోవచ్చు, హోమ్‌బ్రూ అధికారికంగా చివరి మూడు మ్యాక్ ఓఎస్‌లనే పట్టించుకుంటుంది కాబట్టి ఇంట్లో పాత మ్యాక్‌బుక్ ఉన్నవాళ్ళకి మ్యాక్‌పోర్ట్సే దిక్కు. రెండూ ఒకే మిషన్‌లో పెట్టకండి, సోర్స్ బిల్డ్ చేసేటప్పుడు ఏది దేన్ని లింక్ చేసిందో తేల్చుకోలేక చస్తారు.

నిక్స్

నా మూడు ప్రశ్నలకీ నూటికి నూరు మార్కులు వచ్చేది దీనికే. ఎల్కో డోల్‌స్ట్రా 2003 లో మొదలుపెట్టాడు, ప్రతి ప్యాకేజీ /నిక్స్/స్టోర్‌లో దాని బిల్డ్‌కి వెళ్ళిన అన్నిటి హ్యాష్‌తో (వాటినుంచి లెక్కగట్టిన గుర్తింపు కోడ్) ఒక ఫోల్డర్‌గా ఉంటుంది, అందుకని నాలుగో వెర్షనూ ఐదో వెర్షనూ తగవు లేకుండా ఉంటాయి, అప్‌గ్రేడ్ అంటే కొత్త జెనరేషన్‌కి (వేసిన ప్యాకేజీల కొత్త సెట్‌కి) ఒక్క లింక్ మారడం, మధ్యలో ఆగితే పాతదే నడుస్తుంది, రోల్‌బ్యాక్ ఒక్క కమాండ్. టెసరాక్ట్‌ని తెలుగు, ఇంగ్లిష్ డేటాతో మాత్రమే బిల్డ్ చెయ్యమని రెండు లైన్లలో రాసుకోవచ్చు, ఆ ఫైల్ ఫ్రెండ్‌కి ఇస్తే, వెర్షన్ లాక్ కూడా కలిపి ఇస్తే, వాళ్ళకీ అదే వస్తుంది.

ఖరీదు కూడా ఉంది. దాని భాష నేర్చుకోవాలి, ఎర్రర్ మెసేజ్‌లు కొత్తవాళ్ళని బెదరగొడతాయి, డిస్క్ తింటుంది, అప్పుడప్పుడు గార్బేజ్ కలెక్ట్ (వాడనివాటిని తుడవడం) చెయ్యాలి, మొదటిసారి /నిక్స్ పెట్టడానికి రూట్ కావాలి, మామూలు లినక్స్ మీద గ్రాఫిక్స్ డ్రైవర్లు వాడే ప్రోగ్రామ్‌లతో ఇబ్బంది ఉంటుంది. ఒక్క టెసరాక్ట్ కోసం నిక్స్ నేర్చుకోమని నేను చెప్పను, నాలుగైదు ప్రాజెక్టులు వేర్వేరు వెర్షన్లతో నడిపేవాళ్ళు, టీమ్‌గా పనిచేసేవాళ్ళు మాత్రం ఒక నెల కష్టపడి నేర్చుకోండి, ఆ కష్టం వృథా పోదు. గిక్స్ కూడా ఇదే ఆలోచన, స్కీమ్ భాషలో.

జెంటూ, ఆర్చ్ అనే లినక్స్‌ల గురించి ఒక్క ముక్క. జెంటూలో యూజ్ ఫ్లాగ్‌ల (ప్యాకేజీలో ఏ ఫీచర్లు ఉండాలో ఎంచుకునే గుర్తుల) సుఖం గొప్పది, 2023 డిసెంబర్ నుంచి అధికారిక బైనరీలు కూడా ఇస్తున్నారు కాబట్టి పాత ల్యాప్‌టాప్‌తో రాత్రంతా కంపైల్ చెయ్యక్కర్లేదు. ఆర్చ్‌లో ఎప్పుడూ మొత్తం అప్‌గ్రేడే, ఒక్క ప్యాకేజీని మాత్రం కొత్తది తెచ్చుకుంటానంటే వాళ్ళు సపోర్ట్ చెయ్యరు, ఏయూఆర్ (వాడేవాళ్ళే ప్యాకేజీ రెసిపీలు పెట్టే చోటు) నుంచి తెచ్చే ముందు పీకేజీబిల్డ్ అనే ఆ రెసిపీ ఫైల్ కళ్ళతో చదవాలి.

సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే సేఫ్, లేటెస్ట్ అయితే ఇంకా సేఫ్ అనేవాళ్ళకి ఎక్స్‌జెడ్ (ఫైళ్ళని కుదించే టూల్) సంగతి గుర్తుచెయ్యాలి. 2024 మార్చిలో 5.6.0, 5.6.1 లలో బ్యాక్‌డోర్ (ఎవరో కావాలని పెట్టిన దొంగదారి) బయటపడింది, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్ తవ్వితే దొరికింది. దాన్ని మొదలుపెట్టే ముక్క గిట్‌లో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లోని (దించుకోవడానికి ఇచ్చే సోర్స్ కట్ట) ఒక ఎం4 ఫైల్‌లో ఉంది, అంటే కన్‌ఫిగర్ కొట్టగానే నడిచేచోట. డెబియన్ అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ లాంటి ముందువరసవాటికి అది చేరింది, డెబియన్ స్టేబుల్‌కి చేరలేదు. సర్వర్ మీద కింది పొర ఎప్పుడూ స్టేబుల్ డిస్ట్రో ప్యాకేజీలతోనే ఉంచమని, కొత్తది కావలసిన ఒకటి రెండిటినే పైన విడిగా పెట్టుకోమని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పటికే /యూఎస్ఆర్/లోకల్ నిండా పాత బిల్డ్‌లు ఉన్నవాళ్ళు ఏ టూల్‌కి మారినా ముందు దాన్ని ఖాళీ చెయ్యండి. బిన్, లిబ్, ఇంక్లూడ్ ఫోల్డర్లలో ఏమున్నాయో లిస్ట్ తీసి, ఒక్కోదానికీ వెర్షన్ కనుక్కుని, అదే వెర్షన్ సోర్స్ మళ్ళీ దించి అదే ప్రిఫిక్స్‌తో కన్‌ఫిగర్ చేసి మేక్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి, సీమేక్‌వైతే ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి డెస్ట్‌డిర్‌తో ఇన్‌స్టాల్ చేసి ఆ లిస్ట్ చూసుకుంటూ తుడవండి. ఇంక్లూడ్‌ని మర్చిపోవద్దు, లైబ్రరీ పోయి హెడర్ మిగిలితే తర్వాతి బిల్డ్‌లు అర్థం కాని ఎర్రర్లిస్తాయి. చివర్లో సుడో ఎల్‌డీ కన్‌ఫిగ్, షెల్‌లో హ్యాష్ మైనస్ ఆర్ (కమాండ్ల పాత చోట్లు మర్చిపొమ్మని చెప్పడం), ఆ తర్వాత కర్ల్, గిట్, టెసరాక్ట్ లాంటి వాటి మీద ఎల్‌డీడీ (ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతుందో చూపించే కమాండ్) కొట్టి ఏ లైన్‌లోనూ /యూఎస్ఆర్/లోకల్ కనబడకపోతే కొత్త టూల్ వెయ్యడం మొదలుపెట్టొచ్చు.